కడప ఎండలకు తట్టుకునే గిటారు: ఇంట్లో చేతితో చేసుకునే పద్ధతి, చెక్క కొనడం నుంచి తీగలు కట్టడం దాకా

నేను చేసిన మొదటి గిటారు నవంబరు వానల్లో పూర్తయి, మరుసటి ఏప్రిల్‌లో పగిలింది. దాన్ని ఎవరూ కింద పడేయలేదు, ఎండలో పెట్టలేదు. కడపలో మా ఇంటి నడవలో గోడకు తగిలించి ఉండగా ఒక మధ్యాహ్నం టప్పుమని శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే బ్రిడ్జి (తీగల కొనలను పట్టి ఉంచే చెక్క ముక్క) కింది నుంచి అడుగు అంచు వరకు ముందు పలకలో సన్నని చీలిక కనిపించింది. గిటారు తయారీ గురించి అందరూ చెప్పే జాగ్రత్తలన్నీ పాటించాను గానీ, అవి మన సీమలాంటి పొడి నేలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి కావు. ఈ మార్గదర్శి మొత్తానికి ఆ చీలికే మూలం. ఇందులో చెప్పిన ప్రతి దశలోనూ కొలతలతో పాటు గాలిలోని తేమ గురించి కూడా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ గిటారు చేయడమంటే సగం వడ్రంగం, సగం తేమను కనిపెట్టుకుని ఉండటం.

ముందుగా తేమ సంగతి

చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు చెక్కలో సుమారు 9 శాతం నీరు ఉంటుంది. తేమ 25 శాతానికి పడిపోయినప్పుడు అది 5 శాతం దగ్గరకు దిగుతుంది. ఈ నాలుగు శాతం తేడాకే గిటారు ముందు పలక, అంటే సుమారు 380 మి.మీ. వెడల్పున్న స్ప్రూస్ (చలి ప్రాంతాల్లో పెరిగే చెట్టు చెక్క) పలక, అడ్డంగా రెండు మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం దాదాపు ఏ మార్పూ ఉండదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. పలక లోపలి వైపు అడ్డంగా అతికించిన పట్టీలకు అది పొడవు దిశ కనుక అవి కుంచించుకోవు, వాటికి అంటుకుని ఉన్న పలక మాత్రం కుంచించుకోవాలని లాగుతుంది. ఆ లాగుడుకు తట్టుకోలేని చోట పలక చీలుతుంది.

తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అతికించిన గిటారు ఎండాకాలంలో పగులుతుంది. తేమ తక్కువగా ఉన్నప్పుడు అతికించినది వానాకాలంలో కొద్దిగా ఉబ్బి, తీగలు కాస్త పైకి లేస్తాయి, అంతకు మించి నష్టం జరగదు. ఈ రెండింటిలో మనం ఏది కోరుకోవాలో వేరే చెప్పనక్కరలేదు. అందుకే పట్టీలు అతికించే పని, పెట్టె మూసే పని గదిలో తేమ 40 నుంచి 45 శాతం మధ్య ఉన్న రోజుల్లోనే చేయాలి. నా గదిలో జనవరి, ఫిబ్రవరి మధ్యాహ్నాలు ఇందుకు అనుకూలంగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు వానల్లో మెడ చెక్కుకోవచ్చు, అచ్చు తయారు చేసుకోవచ్చు, కానీ జిగురు సీసా మూత తీయకూడదు. మే నెలలో ఎయిర్ కూలర్ తిరిగే గదిలో కూడా అంతే. ఆ కూలర్ నీటితో గాలిని చల్లబరుస్తుంది కాబట్టి, బయట ఎంత పొడిగా ఉన్నా ఆ గదిలో మాత్రం వానాకాలమే ఉంటుంది.

అందువల్ల మొట్టమొదట కొనవలసిన పనిముట్టు రంపం కాదు, తేమమాపకం. చవకైన డిజిటల్ మాపకం చాలు, కానీ అది చూపించే అంకెను గుడ్డిగా నమ్మకూడదు. దాన్ని పరీక్షించడానికి తేలికైన ఉపాయం ఉంది. ఒక సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, ముద్దలా తడిసేంత నీళ్లు మాత్రమే కలిపి, దాన్నీ మాపకాన్నీ కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచాలి. తడి ఉప్పు మూసిన డబ్బాలో గాలి తేమను 75 శాతం దగ్గర నిలబెడుతుంది. ఉదయం మాపకం 70 చూపిస్తే అది ఎప్పుడూ అయిదు తక్కువ చెబుతుందని గుర్తు పెట్టుకుని, దాని మీదే ఆ తేడాను రాసి అతికించండి.

దీనితో పాటు ఒక చెక్క బీరువాను, పాతదైనా సరే, తేమ పెట్టెగా మార్చుకోవాలి. గాలి తడిగా ఉన్న రోజుల్లో అడుగున పాతకాలపు 40 వాట్ల బల్బు వెలిగిస్తే లోపలి గాలి వేడెక్కి తేమ శాతం పడిపోతుంది. ఎండాకాలంలో బల్బు తీసేసి, నీళ్లలో ముంచి పిండిన స్పాంజిని సబ్బుపెట్టెలో ఉంచితే సరిపోతుంది. పని చేయని ప్రతి గంటా చెక్క ఈ బీరువాలోనే ఉండాలి.

ఏ గిటారు, ఏ కొలతలు

మొదటిసారి చేసేవారికి నేను ఉక్కు తీగల, మధ్యరకం ఒడలు ఉన్న గిటారునే సూచిస్తాను. కింది భాగం వెడల్పు 381 మి.మీ., పై భాగం 286 మి.మీ., నడుము సుమారు 240 మి.మీ., ఒడలి పొడవు 492 మి.మీ., అడుగు వైపు లోతు 105 మి.మీ., శబ్దరంధ్రం వ్యాసం 100 మి.మీ. ఉంటే చేతికి ఒదుగుతుంది, చెక్క కూడా తక్కువ పడుతుంది. తీగ మోగే పొడవు 648 మి.మీ. మెడ ఒడలిని పద్నాలుగో మెట్టు దగ్గర కలుస్తుంది. వీణ వాళ్లు మెట్లు, బిరడాలు అనే మాటలనే నేను గిటారుకూ వాడుతున్నాను, అవి మనకు ముందే ఉన్న మాటలు.

మెడను ఒడలికి శాశ్వతంగా అతికించకుండా బోల్టులతో బిగించే పద్ధతినే ఎంచుకోండి. మన వాతావరణంలో అయిదారేళ్లకైనా మెడ కోణం సరిచేయవలసి వస్తుంది, అప్పుడు రెండు బోల్టులు విప్పితే పని అయిపోతుంది.

చెక్క

ముందు పలకే గిటారు గొంతు. స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంటోనియో డి టోర్రెస్, నేటి గిటారు రూపానికి పితామహుడని చెప్పదగిన పనివాడు, 1862లో వెనుక భాగం, పక్కలు కాగితపు గుజ్జుతో, ముందు పలక మాత్రం మంచి చెక్కతో ఒక గిటారు చేసి ఈ మాట రుజువు చేశాడు. అందువల్ల డబ్బు పెట్టేదేదైనా ముందు పలక మీదే పెట్టాలి. స్ప్రూస్ మన ప్రాంతంలో పెరిగే చెట్టు కాదు. వాద్యాలకు కోసిన చెక్క అమ్మేవారి నుంచి జంట పలకలుగా తెప్పించుకోవాలి. ఆ పలకల్లో గీతలు నిలువుగా, దగ్గరదగ్గరగా, అంచుకు సమాంతరంగా ఉండాలి. అంచున చూసినప్పుడు గీతలు పలక ముఖానికి నిట్టనిలువుగా కనిపిస్తేనే అది సరైన కోత. అలాంటి చెక్క తక్కువ కుంచించుకుంటుంది, కాబట్టి మనకు రెట్టింపు అవసరం.

వెనుక పలకకు, పక్కలకు మొదటిసారి మహాగని వాడండి. తోటల్లో పెంచిన మహాగని ఇప్పుడు కోత మిల్లుల్లో దొరుకుతోంది, వంచడానికి మొండికేయదు. ఇరుగుడు, అంటే మన దేశపు రోజ్‌వుడ్, గిటారులకు ప్రపంచమంతా కోరుకునే చెక్క. దాన్ని వేలికింది పలకకు (మెడ పైముఖాన మెట్లు బిగించే పలక), బ్రిడ్జికి చిన్న ముక్కలుగా కొంటే చాలు, బిల్లు తప్పక తీసుకోండి. మెడకు మహాగని గానీ పాత టేకు గానీ బాగుంటుంది. కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే టేకు దూలాలు ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి కాబట్టి ఇక పెద్దగా మెలి తిరగవు. అయితే టేకులో నూనె ఉంటుంది. జిగురు పెట్టే ముందు ఆ ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి, వెంటనే అతికించాలి. చెక్క ఏదైనా చేవ భాగాన్నే తీసుకోవాలి, అంచున ఉండే తెల్ల చెక్క వద్దు.

కడపలో గిటారు చేస్తానంటే ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఎర్రచందనంతో చేయకూడదా అని. శేషాచలం, లంకమల, పాలకొండ, నల్లమల లాంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు అది. జపాను వారు షామిసెన్ అనే వాద్యం మెడకు దాన్ని అపురూపంగా వాడతారన్నదీ నిజమే. అయినా ఆ మాట తలపెట్టకూడదు. అనుమతి లేకుండా దాన్ని నరకడం, తరలించడం, దగ్గర ఉంచుకోవడం నేరం, అంతకు మించి ఆ చెట్టు అంతరించే దశకు దగ్గరగా ఉంది. పాత తలుపు ముక్కనో, విరిగిన బొమ్మనో అంటూ ఎవరైనా చూపించినా తీసుకోకండి. ఆ చెట్టు మన కొండల మీద నిలబడి ఉండటమే నాకు ముఖ్యం.

తెచ్చిన చెక్కను వెంటనే కోయకూడదు. పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి, బరువును దాని మీదే పెన్సిలుతో రాయాలి. మూడు వారాలు వరుసగా బరువు మారకపోతే చెక్క మీ గది గాలికి అలవాటు పడినట్లు.

పనిముట్లు, కడప బండ

చిన్న చిత్రిక ఒకటి, సన్నని పళ్ల రంపం, 6 మరియు 12 మి.మీ. ఉలులు, ఆకురాళ్లు, మూలమట్టం, మీటరు పొడవు ఉక్కు స్కేలు, 0.1 మి.మీ. వరకు చదవగల కాలిపరు, డజను క్లాంపులు, ఉప్పు కాగితం ఉంటే ఒక గిటారు చేయవచ్చు. ఉలి, చిత్రిక పదును విషయంలో మాత్రం రాజీ పడకండి. మొద్దు చిత్రిక స్ప్రూస్ పోగులను కోయకుండా పీకుతుంది.

ఇతర ప్రాంతాల వారు సమతలమైన బల్ల కోసం చాలా ఖర్చు పెడతారు. మనకు ఆ అవసరం లేదు. ఎర్రగుంట్ల వైపు గనుల నుంచి వచ్చే నల్లని కడప బండ, పాలిష్ చేసినది, మూడడుగులు రెండడుగుల ముక్క ఒకటి తెచ్చుకోండి. కొనేటప్పుడే ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి, పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద వెలుతురు కనిపించని ముక్కనే ఎంచాలి. అన్ని బండలూ సమతలంగా ఉండవు. ఆ బండ మీద ఉప్పు కాగితం అతికిస్తే మెడనైనా, వేలికింది పలకనైనా, పలకల జంట అంచునైనా రుద్ది సమం చేసుకోవచ్చు. వేడికి వంగదు, తేమకు ఉబ్బదు. చెక్క బల్లకు లేని గుణం అది.

జిగురు గురించి ఒక మాట. ఫర్నిచరుకు వాడే మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ లాగుడులో ఉండే చోట, అందులోనూ వేడిలో, నెమ్మదిగా జారుతుంది. వాద్యాలకు పనికొచ్చే, ఆరాక గట్టిపడే పసుపు రంగు చెక్కజిగురు వాడండి. లేదా మన పాత వడ్రంగులు వాడిన వజ్రం, అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు, వాడండి. వజ్రాన్ని నీళ్లలో నానబెట్టి, వేడినీటి గిన్నెలో మరో గిన్నె ఉంచి, 60 నుంచి 65 డిగ్రీల మధ్య కరిగించాలి, మరిగిస్తే బలం పోతుంది. చల్లని దేశాల్లో వజ్రం చేతిలోనే గడ్డకడుతుంది, మన వేసవిలో మాత్రం అతుకు సరిచూసుకోవడానికి తగినంత వ్యవధి ఇస్తుంది. పసుపు జిగురుకు ఇది తలకిందులు. ఎండాకాలపు మధ్యాహ్నం అది నిమిషాల్లోనే పైన పొర కడుతుంది, కాబట్టి ఆ పని తెల్లవారుజామున చేసుకోవాలి.

ముందు పలక, దాని పట్టీలు

జంట పలకల అంచులను ఒకదానిపై ఒకటి పెట్టి, చిత్రికతోనో, బండ మీద ఉప్పు కాగితంతోనో సరిచేసి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూడాలి. సన్నని గీత కూడా వెలుతురు రాకూడదు. తర్వాత జిగురు పెట్టి, అటూ ఇటూ మేకులు కొట్టిన అడ్డుచెక్కల మధ్య బిగించి రాత్రంతా వదిలేయాలి.

అతికిన పలకను మొదట 3.2 మి.మీ. వరకు చిత్రిక పట్టండి. శబ్దరంధ్రం చుట్టూ అలంకారపు వలయాన్ని ఈ దశలోనే పొదగాలి. ఆ తర్వాత 3 మి.మీ. దగ్గర నుంచి ప్రతి పావు మిల్లీమీటరుకూ ఆగి, పలక పై అంచును రెండు వేళ్లతో పట్టుకుని, బ్రిడ్జి వచ్చే చోట మరో చేతి వేలి కణుపుతో తట్టి వినాలి. మందంగా ఉన్నప్పుడు మొండిగా, పొట్టిగా మోగుతుంది. పలచబడే కొద్దీ శబ్దం కిందికి దిగి, తట్టాక కాసేపు నిలుస్తుంది. రెండు చేతులతో అడ్డంగా వంచి చూస్తే గట్టిగా ఎదురు తిరుగుతూనే కొంచెం లొంగాలి. 2.7, 2.8 మి.మీ. దగ్గర ఆగడం మొదటి గిటారుకు క్షేమం. ఇంకా బాగా మోగుతుందేమో అన్న ఆశతో 2.5 కిందికి పోవద్దు, తీసేసిన చెక్కను తిరిగి పెట్టలేం.

పట్టీలకు స్ప్రూస్ ముక్కను రంపంతో కోయకుండా, మందపాటి కత్తి పెట్టి కొట్టి చీల్చాలి. చీలిన దారే పోగు దారి. ఆ ముఖాన్ని బట్టి 8 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. ఎత్తు పట్టీలు తీస్తే అవి చిన్నవైనా బలంగా ఉంటాయి. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 75 కిలోల బలంతో లాగుతాయి కనుక, ముఖ్యమైన రెండు పట్టీలు శబ్దరంధ్రానికి కాస్త కిందగా ఒకదానినొకటి దాటుతూ ఎక్స్ ఆకారంలో ఉండాలి. అమెరికాలో 1840ల నాటి గిటారుల్లో మొదలైన ఈ అమరిక ఉక్కు తీగల గిటారుకు నేటికీ ప్రమాణంగానే ఉంది. దాటే చోట రెండింటిలోనూ సగం సగం గాడి తీసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టాలి. ఎక్స్ కింది చేతుల మధ్య వాలుగా రెండు పట్టీలు, పక్కలకు రెండేసి పొట్టి పట్టీలు, శబ్దరంధ్రం పైన అడ్డంగా ఒక బలమైన పట్టీ, బ్రిడ్జి కింద 2.5 మి.మీ. మందపు గట్టి చెక్క బిళ్ల రావాలి.

ముందు పలక చదునుగా ఉండకూడదు, చాలా కొద్దిగా బయటికి ఉబ్బి ఉండాలి. ఇది కూడా పొడి కాలానికే. ఉబ్బు ఉన్న పలక కుంచించుకున్నప్పుడు మొదట చదునవుతుంది, వెంటనే చీలదు. ముందు పలకకు 8.5 మీటర్ల వ్యాసార్థపు వంపు తీసుకుంటే 381 మి.మీ. వెడల్పులో మధ్య భాగం రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. వెనుక పలకకు 4.6 మీటర్ల వ్యాసార్థం తీసుకుంటే నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ లేస్తుంది. సన్నని ఉక్కు స్కేలును ఈ లెక్క ప్రకారం వంచి గీత గీసుకుని, పట్టీల అడుగును ఆ గీత వరకు చిత్రిక పట్టాలి. అతికించేటప్పుడు పలకను బయటి ముఖం కిందికి వచ్చేలా బండ మీద పెట్టి, అంచుల కింద చుట్టూ రెండు మిల్లీమీటర్ల అట్ట పట్టీ పరిస్తే మధ్య భాగం దానంతటదే కిందికి కూర్చుంటుంది.

పట్టీలను నొక్కి పట్టడానికి వెదురు బద్దలు వాడండి. బండకు రెండడుగుల ఎత్తున గట్టి పలక ఒకటి బిగించి, ఆ ఎత్తు కంటే వేలెడు పొడవైన బద్దలను విల్లులా వంచి పట్టీకీ పై పలకకూ మధ్య నిలబెడితే, ఒక్కో బద్ద కొన్ని కిలోల బరువుతో నొక్కుతుంది. ఎక్స్ పట్టీలకు పది, పన్నెండు బద్దలు చాలు. ఈ పని మొదలుపెట్టే ముందు తేమమాపకాన్ని చూడండి. 45 దాటితే ఆ రోజు వద్దు.

జిగురు ఆరాక పట్టీలను ఉలితో చెక్కి, పైభాగాన్ని కొనదేలేలా, చివర్లను రెండు మిల్లీమీటర్ల ఎత్తుకు సన్నబరచాలి. ఎక్స్ దాటే చోట మాత్రం ఎత్తు తగ్గించవద్దు. చెక్కుతూ తట్టుతూ ఉంటే పట్టీలు పెట్టాక మొద్దుబారిన శబ్దం మెల్లగా తిరిగి విచ్చుకుంటుంది. నాకు ఈ పనంతటిలో అత్యంత ఇష్టమైన సాయంత్రం అదే.

పక్కలు వంచడం

పక్కల పలకలు 2 మి.మీ. మందం, 115 మి.మీ. వెడల్పు, 800 మి.మీ. పొడవు ఉండాలి. వంచడానికి రెండంగుళాల ఇనుప గొట్టం ఒకటి బల్ల అంచుకు బిగించి, లోపలికి గ్యాసు బర్నరు మంట పెట్టాలి. నీళ్ల పంపులకు వాడే జింకు పూత గొట్టం మాత్రం వాడకండి, వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ విషం. కమ్మరి దగ్గర పూత లేని నల్ల గొట్టం దొరుకుతుంది. గొట్టం మీద నీటి బొట్టు వేస్తే ఉండలు కట్టి గెంతాలి. ఆ వేడిలో చెక్క పోగుల మధ్య బంధం మెత్తబడి లొంగుతుంది.

పలకను తడిపి, నడుము వంపు దగ్గర మొదలుపెట్టి, గొట్టం మీద నెమ్మదిగా ఊపుతూ నొక్కాలి. వంచేది చేతి బలం కాదు, వేడి. చెక్క తనంతట తానే లొంగిన క్షణం అరచేతికి తెలుస్తుంది, అంతవరకు ఆగగలిగితే విరగదు. వెనుక వైపు సన్నని ఇనుప రేకు పట్టీ ఆనించి పట్టుకుంటే పోగులు లేవకుండా ఉంటాయి. వంచిన పక్కలను 18 మి.మీ. ప్లైవుడ్ పొరలతో చేసిన అచ్చులో బిగించి, కనీసం వారం ఉంచండి. వంచేటప్పుడు తాగిన నీరంతా పోవాలి కాబట్టి తొందర వద్దు.

పెట్టె మూయడం

మెడ వైపు, అడుగు వైపు గట్టి దిమ్మలు అతికించి, పక్కల లోపలి అంచు వెంట గాట్లు పెట్టిన సన్నని పట్టీని చుట్టూ అతికించాలి. పలకలకు కూర్చునే చోటు అదే. దాన్ని పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు అరవై, డెబ్బై కావాలి. ముందు వైపు పలకను, తర్వాత వెనుక పలకను అతికించాలి. వెనుక పలకకు మూడో నాలుగో అడ్డ పట్టీలు, మధ్య అతుకు మీద సన్నని చెక్క పట్టీ చాలు. మూసే ముందు లోపలంతా ఒకసారి వేళ్లతో తడిమి, వదులుగా ఉన్న పట్టీ చివర లేదని నిర్ధారించుకోండి. మూసిన తర్వాత అంచుల వెంట సన్నని గాడి తీసి గట్టి చెక్క పట్టీ పొదగాలి. అది అందానికే కాదు, తేమ ఎక్కువగా వచ్చిపోయే పలకల కొన పోగులను మూసేస్తుంది.

మెడ, మెట్లు

మెడ తల వెనుకకు 14, 15 డిగ్రీల వాలుతో ఉండాలి. అంత వాలును ఒకే దిమ్మ నుంచి కోస్తే తల దగ్గర పోగులు అడ్డంగా తెగి బలం పోతుంది. కనుక పలకను వాలుగా కోసి, ముక్కను తిప్పి అతికించడమే మేలు. మెడ నడుమ 6 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతు గాడిలో రెండు వైపులా తిప్పగల ఉక్కు కడ్డీని అమర్చాలి. ఎండకూ వానకూ మెడ వంగినప్పుడు సరిచేసుకోవడానికి అదే ఆధారం. మొదటి మెట్టు దగ్గర మెడ వెడల్పు 44 మి.మీ., వేలికింది పలకతో కలిపి మందం 21 మి.మీ. చాలామంది చేతులకు సరిపోతుంది.

మెట్ల స్థానాలు గిటారు తయారీలో క్షమ లేని లెక్క. వీణలో మెట్లు మైనం మీద కూర్చుంటాయి కాబట్టి మేళం కట్టేవారు చెవితో విని జరపగలరు. గిటారులో ఒకసారి రంపం పడిన గాడి అక్కడే ఉంటుంది. లెక్క మాత్రం సులువు. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు. 648 మి.మీ.లకు మొదటిది 36.37, రెండోది అక్కడి నుంచి 34.33, మూడోది మరో 32.40. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324.00 దగ్గర పడితే మీ లెక్క సరైనదే. పద్నాలుగోది 359.35 దగ్గర వస్తుంది. గీసేటప్పుడు మాత్రం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కొలవకండి, చిన్న పొరపాట్లు కూడుకుంటూ పోతాయి. అన్ని దూరాలనూ పట్టికగా కలిపి రాసుకుని, స్కేలు కదపకుండా మొదటి అంచు నుంచే గుర్తులు పెట్టండి. పెన్సిలు గీత మందంగా ఉంటుంది, పదునైన కత్తి మొనతో గీయాలి.

గాడి వెడల్పు మెట్టు తీగ కాలి (గాడిలోకి దిగే భాగం) కంటే ఏ కొంచెమో మాత్రమే ఎక్కువగా, సుమారు 0.6 మి.మీ. ఉండాలి. గాడి బిగుతుగా ఉంటే ఇరవై మెట్లు కలిసి మెడను వెనుకకు వంచేస్తాయి. మెట్లు కొట్టాక చివర్లను అంచుకు కాస్త లోపలికే ఆకురాయితో రాయండి. వేసవిలో వేలికింది పలక కుంచించుకుంటే మెట్ల చివర్లు బయటికి పొడుచుకు వచ్చి చేతిని గీరుతాయి. మన జిల్లాల్లో అమ్మే గిటారులు చాలా వాటిలో మే నెలలో ఇదే కనిపిస్తుంది.

మెడను బోల్టులతో బిగించి, మెట్ల మీద పొడవైన స్కేలు ఆనిస్తే దాని కొన బ్రిడ్జి పైముఖాన్ని సరిగ్గా తాకాలి. కిందికి పోతే మెడ మడమను (ఒడలికి ఆనే భాగాన్ని) కింది వైపు, పైకి పోతే పై వైపు కొద్దికొద్దిగా రుద్ది సరిచేయాలి. అర మిల్లీమీటరు రుద్దినా బ్రిడ్జి దగ్గర చాలా తేడా వస్తుంది, కాబట్టి రెండు సార్లు రుద్ది ఒకసారి చూడటం మాని, ఒక్కసారి రుద్ది రెండుసార్లు చూడండి.

మెరుగు, బ్రిడ్జి

మెరుగుకు లక్క చాలు. లీటరు స్పిరిట్‌లో 120 గ్రాముల లక్క రేకులు కరిగించి, వడగట్టి, మెత్తని నూలుగుడ్డ ఉండతో పలచని పూతలు వేయాలి. రోజుకు మూడు, నాలుగు పూతల చొప్పున పది రోజులు, మధ్యలో సన్నని ఉప్పు కాగితంతో రుద్దుతూ పోతే పలచటి, శబ్దాన్ని అణచని మెరుగు వస్తుంది. వాన రోజుల్లో వేస్తే పూత తెల్లగా మసకబారుతుంది. చెమట, మద్యసారం లక్కకు పడవు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

బ్రిడ్జి వచ్చే చోట ముందే కాగితం టేపు అతికించి, పూతంతా అయ్యాక దాన్ని తీసి, ఒట్టి చెక్క మీదే బ్రిడ్జిని అతికించాలి. బ్రిడ్జి అడుగు ముందు పలక ఉబ్బుకు సరిపడేలా వంపుగా ఉండాలి. అందుకు పలక మీదే ఉప్పు కాగితం పెట్టి బ్రిడ్జిని దాని మీద రుద్దడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. స్థానం నిర్ణయించేటప్పుడు ఒక విషయం తప్పకూడదు. తీగను నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది కనుక, తీగ ఆనే ఎముక పట్టీ 648కి కొంచెం వెనుకగా ఉండాలి. మొదటి తీగ దగ్గర సుమారు 650, ఆరో తీగ దగ్గర 653 మి.మీ. చొప్పున ఆ గాడి వాలుగా ఉంటుంది. క్లాంపులు శబ్దరంధ్రం గుండా లోపలికి పెట్టి బిగించి, ఒక పూర్తి రోజు వదిలేయండి.

తీగలు కట్టి సరిచేయడం

పలచని తీగల జత, అంటే మొదటి తీగ 0.012 అంగుళాలు ఉన్నది, కట్టి ఒకేసారి పూర్తి శ్రుతికి తీసుకుపోకుండా రెండు రోజుల్లో మెల్లగా పెంచండి. పూర్తి శ్రుతిలో ఒకటో మెట్టును, పద్నాలుగో మెట్టును ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు పైన తీగ కింద ఖాళీ చూస్తే 0.15, 0.2 మి.మీ. ఉండాలి. ఎక్కువ తక్కువలు ఉంటే లోపలి కడ్డీని పావు చుట్టు మాత్రమే తిప్పి, గంట ఆగి మళ్లీ చూడాలి. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు ఆరో తీగకు 2.4, మొదటి తీగకు 1.9 మి.మీ. ఉంటే వేళ్లకు హాయిగా ఉంటుంది. అంతకన్నా తగ్గిస్తే వాన వెళ్లి ఎండ రాగానే ముందు పలక దిగి తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. వానాకాలానికి ఒకటి, ఎండాకాలానికి అర మిల్లీమీటరు ఎత్తైనది మరొకటి, రెండు ఎముక పట్టీలు చేసి పెట్టుకోవడం ఇక్కడ ఆచరణలో చాలా ఉపయోగపడే పని.

మొదటి వేసవికి గిటారును గోడకు తగిలించవద్దు. మూత సరిగ్గా పడే పెట్టెలో, తేమమాపకంతో పాటు, చిల్లుల సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ఉంచి, నాలుగు రోజులకోసారి తడపండి. మూసిన కారులో ఒక్క గంట కూడా వదలకండి, ఆ వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది. ఏప్రిల్‌లో వారానికోసారి పలక మీద స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. బ్రిడ్జి వెనుక ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే గిటారు క్షేమంగా ఉన్నట్టే. ఉబ్బు పూర్తిగా చదునై, మెట్ల చివర్లు వేలికి తగలడం మొదలైతే మాపకం ఏం చెప్పినా సరే, ఆ రోజే రెండో స్పాంజి పెట్టి, తీగలను ఒక స్వరం కిందికి దించి, పది రోజులు పెట్టెలోనే ఉంచండి.